మట్టల ఆదివారం చదివిన పేర్లు

ఈ ఏడు భస్మ బుధవారం నాడు మా ఆదోని గుడిలో ఆరాధన ముగిసే ముందు మా పాస్టరుగారు ఒక ప్రకటన చేశారు. ఆయన చాలా చిన్నవాడు, నేను ఉద్యోగం చివర్లో పాఠాలు చెప్పిన పిల్లల ఈడువాడు. గుంటూరు వైపు మిరపకోతలకు పోయిన కుటుంబాలు ఈ నలభై రోజుల శుక్రవారం కూటాలను ఫోనులో చూడవచ్చుననీ, అక్కడ కల్లాల దగ్గర కూర్చుని పాడుకున్నా ఇక్కడ మనతో కూర్చున్నట్టేననీ, ఈస్టరుకు రాలేనివాళ్ళు తిరిగి వచ్చిన ఆదివారం వాళ్ళ కోసమే మళ్ళీ రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్ల ఆచరిస్తామనీ చెప్పారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను మాత్రం నుదుటి మీది బూడిద గీతను కొంగుతో తుడుచుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఆటో ఎక్కి ఇంటికి వచ్చేశాను.

మంచిమాటే కదా, దానికింత కినుక ఎందుకని మీరడగవచ్చు. మంచిమాటే. ఒక్క నిమిషంలో చెప్పేసిన మాట. అంత చిన్న మాట నలభై ఏళ్ళ కిందట ఎమ్మిగనూరులో ఒక్కరి నోటైనా వచ్చి ఉంటే బాగుండేదని ఆ రోజంతా అన్నం సయించలేదు. ఆ ఒక్కరు నేనే కావలసింది గనుక ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. మన ఈడువాళ్ళకైతే ఇది కొంతైనా అర్థమవుతుందని నా ఆశ.

నేను పుట్టిన రెండో నెలలోనే మా అమ్మ పోయింది. మా నాయన మళ్ళీ పెళ్ళి చేసుకుని బళ్ళారి వైపు వెళ్ళిపోతే, పిల్లలు లేక, మొగుడూ లేక ఒంటిగా ఉన్న మా మేనత్త నన్ను సాకింది. ఎమ్మిగనూరులో మగ్గాల వీధులు దాటి పల్లానికి దిగితే మా పేట. బండలు పరిచిన మిద్దెలు, ఒకదాని గోడకు ఒకటి ఆనుకుని ఉండేవి. పేటలో నూటికి తొంభైమంది కూలిజనం. పేటకు ఎగువన రాతి గుడి, దాని పక్కన మా సంఘం వాళ్ళ బడి, వెనక వేపచెట్ల కింద సమాధుల తోట. పుట్టడం, చదువుకోవడం, పోవడం అన్నీ ఆ కాంపౌండు చుట్టూనే జరిగిపోయేవి.

ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమకాలం వస్తే పేటంతా ఒకరకంగా అణిగిపోయేది. ఉద్యోగస్థుల ఇళ్ళలో మాంసం మానేసేవాళ్ళు. మా ఇళ్ళలో మాంసం మామూలుగానే ఉండేది కాదు కాబట్టి ఏం మానాలన్నది పెద్ద ప్రశ్న. మా అత్త వక్కాకు మానేది. పొద్దున లేస్తూనే వక్క బుగ్గన పెట్టుకునే మనిషి, ఆ నలభై రోజులూ చింతపిక్క ఒకటి నోట్లో వేసుకుని అటూ ఇటూ తిప్పుకుంటూ కలుపు తీసేది. నాకది వినోదంగా ఉండేది. ఆమెకు మాత్రం వినోదం కాదు, ఐదో శుక్రవారం దాటేసరికి ఆమె కోపాన్ని తట్టుకోవడం కష్టంగా ఉండేది.

మూడో శుక్రవారం తీర్పును గురించిన ప్రసంగం. ఆ రోజు గ్రంథాలు విప్పుతారనీ, ఒక్కొక్కరి పేరూ పిలుస్తారనీ, కుడివైపు కొందరినీ ఎడమవైపు కొందరినీ నిలబెడతారనీ వింటుంటే నాకు భయం వేసేది. ఏడెనిమిదేళ్ళప్పుడు ఒకసారి ఇంటికి వచ్చి, అత్తా నీకు చదువు రాదు గదా, అక్కడ నీ పేరు చదివితే నీకెలా తెలుస్తుంది అని ఏడ్చాను. ఆమె కట్టెలపొయ్యి ఊదడం ఆపి నవ్వింది.

"కూలికి పోయిన్నాడు మేస్త్రి పేర్లు పిలుసల్లేదా పాప? అట్లే పిలుస్తాడు. పిలిసినప్పుడు ఉండా అంటే సాలు. పనికి వచ్చినోళ్ళను ఆయప్ప ఎందుకు ఎల్లగొడతాడు?"

అంతటితో నా భయం పోయింది. ఆ తర్వాత తీర్పు అంటే మా పేట మొదట్లో తెల్లవారుజామున ఆడవాళ్ళంతా కొంగులు నడుముకు చుట్టుకుని నిలబడి, పేరు పిలవగానే పలికే దృశ్యమే నా కళ్ళకు కట్టేది.

మా వైపు వానలు ఎంత మాత్రమో మీకు తెలుసు. పత్తి తీతలు అయిపోయాక పేటలో పని ఉండదు. కొత్త సంవత్సరం ఆరాధన అయిన వారానికల్లా లారీలు వచ్చి నిలబడేవి. తట్టాబుట్టా, బియ్యం మూట, చంటిపిల్లలు, ఒకటి రెండు కోళ్ళు అన్నీ ఎక్కించుకుని గుంటూరు వైపు మిరపకోతలకు పోయేవాళ్ళు. మళ్ళీ ఎండలు ముదిరాకే రావడం. అంటే శ్రమకాలమంతా, చాలా ఏళ్ళు ఈస్టరుతో సహా, వాళ్ళకు మిరపచేలల్లోనే గడిచేది. నా చిన్నప్పుడు నన్ను వదలలేక బావుల కింది కలుపు పనితో నెట్టుకొచ్చిన మా అత్త, నేను హాస్టలుకు పోయాక ఒక్క ఏడు కూడా మానలేదు. నన్ను ఆదోనిలో హాస్టలులో పెట్టి, ఆ తర్వాత టీచరు ట్రైనింగు చదివించింది ఆ మిరపకోతల కూలితోనే. సెలవులకు వచ్చి ఆమె చేతుల్లో ముఖం పెట్టుకుంటే కళ్ళు మండేవి. ఎన్నిసార్లు కడిగినా ఆ ఘాటు పోయేది కాదు.

ట్రైనింగు అయ్యాక మా పేట బడిలోనే నాకు తాత్కాలికంగా పని దొరికింది. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. ఆ ఏడే కోస్తా నుంచి కొత్త పాస్టరుగారు వచ్చారు. ఆయనను చెడ్డవాడిగా చూపించడం నా ఉద్దేశం కాదు, అలా చూపిస్తే నాకే కొంచెం సుఖంగా ఉండేదేమో. ఆయన నిజంగా భక్తిపరుడు. శ్రమకాలంలో ఒంటిపూట గంజి తాగి చిక్కిపోయేవారు. కలరా వచ్చిన ఇంట్లోకి మిగతావాళ్ళు అడుగు పెట్టడానికి భయపడితే తాను వెళ్ళి కూర్చున్నారు. అయితే ఆయనకు మా ఎండల సంగతి తెలియదు, మా లారీల సంగతి తెలియదు. శుక్రవారం కూటాలకు సగం చాపలు ఖాళీగా కనబడేసరికి ఆయనకు అది భక్తి లేకపోవడంగానే తోచింది. సంఘపెద్దలు ఆయనకు నిజం చెప్పవలసినవాళ్ళు. వాళ్ళలో పత్తి మిల్లు గుమాస్తాలూ, ఆసుపత్రి ఉద్యోగులూ, మా బడి హెడ్మాస్టరుగారూ ఉండేవారు. మిరపకోతలకు పోయే అవసరం వాళ్ళలో ఒక్కరికీ లేదు. ఎవరూ నోరు విప్పలేదు.

అలా ఒక నియమం వచ్చింది. శ్రమకాలంలో మూడు శుక్రవారాలు తప్పినవారికి ఆ ఏడు ఈస్టరు బల్ల ఉండదు. వాళ్ళ పేర్లు ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు సంఘం ముందు చదువుతారు. తప్పు ఒప్పుకుని పెద్దల ముందు చెప్పుకుంటే మళ్ళీ చేర్చుకుంటారు. హాజరు పుస్తకం రాసే పని నాకు అప్పగించారు. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని పాస్టరుగారు నలుగురిలో మెచ్చుకున్నారు కూడా. నేను పొంగిపోయాను. ఎర్ర సిరాతో గీతలు గీసి, ప్రతి శుక్రవారం ఖాళీ చాపలను చూస్తూ వాళ్ళ పేర్లకెదురుగా సున్నాలు చుట్టాను. మా అత్త పేరుకెదురుగా కూడా చుట్టాను. నియమం అందరికీ ఒకటే గదా అని నాకు నేనే గొప్పగా చెప్పుకున్నాను. ఇంకా చెప్పాలంటే, ఎవరైనా వచ్చి చివర్లో ఇది మానేద్దాం అంటారనుకున్నాను. ఎవరూ అనలేదు.

మట్టల ఆదివారానికి ముందు శనివారం మధ్యాహ్నం, బడి నుంచి వచ్చేసరికి మా ఇంటి తలుపు తీసి ఉంది. లోపల అత్త గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కళ్ళు వాచి, పెదవులు పగిలి, ఒళ్ళు కాలిపోతూ ఉంది. మిగతావాళ్ళకు ఇంకా నెల పని ఉందట. జ్వరం తగిలాక మేస్త్రి వద్దంటున్నా వినకుండా, ఈస్టరుకు బల్ల దగ్గర ఉండాలని తానొక్కతే బయలుదేరి, గుంతకల్లులో బండి మారి, ఆదోనిలో దిగి బస్సు పట్టుకుని వచ్చింది. నాకు భయం వేసింది. ఆమె జ్వరానికి వేయలేదు, మరుసటి రోజు గుడికి వస్తుందని వేసింది.

నేను సంగటి చేసి పెడితే తింటూ అక్కడి ముచ్చట్లు చెప్పింది. శుక్రవారం పని దిగినాక మనోళ్ళందరినీ కల్లం కాడ పోగు చేసేదట. చదువొచ్చినవాళ్ళు ఒక్కరూ లేకపోతే తానే నోటికి వచ్చిన పాటలు ఎత్తుకునేదట.

"నాకొచ్చేవి నాలుగే గదా పాప. అవే మళ్ళా మళ్ళా పాడుకుంటిమి. ఒక్క శుక్రారం గూడా తప్పనీలే. అయ్యగారికి సెప్పు, సంతోషపడతాడు."

నేను తల వంచుకుని విన్నాను. రేపు నీ పేరు చదువుతారు, చదివేది నేనే అని ఆ క్షణంలో చెప్పవలసింది. చెప్పలేదు. ఎంగిలిపళ్ళెం తీసి, గుడికి పోయి వస్తానని చెప్పి పాస్టరుగారి దగ్గరకు వెళ్ళాను.

ఆయన వరండాలో రేపటి ప్రసంగం రాసుకుంటున్నారు. మా అత్త వచ్చిందనీ, అక్కడ వాళ్ళు కల్లం దగ్గర కూటాలు పెట్టుకున్నారనీ, ఆమె పేరు తీసేయవచ్చునా అనీ అడిగాను. అందరి పేర్లూ తీసేయండని అడగలేదు, గుర్తుంచుకోండి. మా అత్త పేరొక్కటే అడిగాను. ఆయన కలం కింద పెట్టారు.

"మీ అత్తగారి పేరు తీసేస్తే మిగిలిన ఇరవై రెండు పేర్లు ఏ ముఖం పెట్టుకుని చదువుతావమ్మా? అందరికీ ఒకటే కొలత ఉండాలి కదా. నీకు కష్టమైతే చెప్పు, వేరేవాళ్ళ చేత చదివిస్తాను."

ఆ చివరి మాట ఆయన ఎంతో మెల్లగా, దయగా అన్నారు. దారి తెరిచి చూపించారు. పక్కనే హెడ్మాస్టరుగారు కూర్చుని ఉన్నారు. జూన్ నుంచి నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఆయన దగ్గరే ఉంది. దాని గురించి ఆయన ఒక్క మాట కూడా అనలేదు. అనకపోయినా నాకు అది వినబడింది. లేదండీ, నేనే చదువుతాను అన్నాను.

మరుసటి ఉదయం అత్త తలకు పోసుకుని, పెట్టెలోని తెల్లకోక కట్టుకుని, ఒళ్ళు తూలుతున్నా ఈతమట్ట పట్టుకుని పిల్లలతో కలిసి పేట చుట్టూ తిరిగి వచ్చింది. గుడిలో ఆడవాళ్ళ వైపు ముందు చాపలో కూర్చుంది. ప్రకటనలప్పుడు పాస్టరుగారు నన్ను పిలిచారు. నేను లేచి పుస్తకం తెరిచి, బడిలో పాఠం చదివినట్టు మొదలుపెట్టాను. ఎందుకు చదువుతున్నారో ముందు చెప్పలేదు, పేర్లయ్యాక చెప్పాలని ఆయన అనుకున్నారు. పదమూడు పేర్లు చదివాను. ఆ పదమూడుమందీ మిరపచేలల్లో ఉన్నారు గనుక గుడి నిశ్శబ్దంగా ఉంది. పద్నాలుగోది మా అత్త పేరు.

"ఉండానమ్మా" అని పలికింది.

పలికి లేచి నిలబడింది. దూరాన్నుంచి వచ్చినందుకు పేరు పిలిచి పలకరిస్తున్నారని అనుకుంది పాపం. చేతిలో మట్ట కూడా అట్లే పట్టుకుని ఉంది. మగవాళ్ళ వైపు ఎవరో నవ్వారు. నేను ఆమె వైపు చూడలేదు. పదిహేనో పేరు చదివాను. పదహారోది చదివాను. ఇరవై మూడూ చదివి పుస్తకం మూసి నా చోటికి పోయి కూర్చున్నాను. అంతవరకూ ఆమె నిలబడే ఉంది. తర్వాత పాస్టరుగారు లేచి, వీరు ఈ ఈస్టరు బల్లకు దూరంగా ఉంటారని చెప్పినప్పుడు, పక్కనున్న ముసలామె కోక పట్టి లాగితే కూర్చుంది. ఆశీర్వాదం అయ్యేవరకూ కదలలేదు.

ఇంటికి వచ్చాక తిడుతుందనుకున్నాను. కొడుతుందని కూడా అనుకున్నాను, కొట్టి ఉంటే ఈ పాటికి మరిచిపోయి ఉండేదాన్నేమో. పొయ్యి ముట్టించి, బియ్యం కడిగి, ఎసరు పెట్టాక, నా వైపు తిరగకుండానే అంది.

"సదివేది బాగ నేర్సుకున్యావు పాప. యాడా తట్టుకోలేదు."

ఎత్తిపొడుపు అనుకుందామంటే ఆమెకు ఎత్తిపొడవడం చేతకాదు. మెచ్చుకోలు అనుకుందామంటే నాకు ధైర్యం చాలదు. ఇన్నేళ్ళూ ఆ మాటను అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాను, అర్థం తేలలేదు.

ఆ ఈస్టరుకు ఆమె గుడికి రాలేదు. ఆ తర్వాత ఎన్నడూ రాలేదు. మిరపకోతల నుంచి తిరిగి వచ్చినవాళ్ళు సంగతి తెలుసుకుని, కొందరు పెద్దల ముందు తప్పు ఒప్పుకుని చేరిపోయారు, కొందరు వేరే కూటానికి వెళ్ళిపోయారు. మా అత్త రెండూ చేయలేదు. ఒక్క మాట చెప్పేస్తే అయిపోతుంది గదా అత్తా అని నేనే ప్రతి ఏడూ బతిమాలేదాన్ని. తప్పేందో సెప్తే ఒప్పుకుంటాను అనేది. ఆదివారాలు నేను తల దువ్వుకుని గుడికి బయలుదేరుతుంటే ఆమె నా కోక కుచ్చిళ్ళు సర్ది పంపించేది. అన్నట్టు, ఆ జూన్‌లో నా ఉద్యోగం ఖాయమైంది.

మిరప ఘాటు ఆమె రొమ్ములో కూర్చుంది. దగ్గుతూనే ఇంకో మూడేళ్ళు కోతలకు పోయింది. నా జీతం చాలునంటే వినలేదు. నాలుగో ఏడు వానకాలంలో, పది రోజులు మంచాన పడి పోయింది. అప్పటికి ఆ పాస్టరుగారు బదిలీ అయి వెళ్ళిపోయారు, కొత్తవారు ఇంకా రాలేదు. సంఘం పని అంతా హెడ్మాస్టరుగారే చూస్తున్నారు. సమాధుల తోటలో చోటు అడగడానికి వెళ్ళాను. ఆయన బీరువా తీసి ఆ పాత హాజరు పుస్తకం బయటికి తీశారు.

"నియమం నియమమే గదమ్మా. నాలుగేళ్ళుగా బల్లలో లేని మనిషికి తోటలో చోటెట్ల ఇచ్చేది? నేను కొత్తగా సెప్పేది ఏముంది, ఇది నీ చేతిరాతే."

నా చేతిరాతే. సున్నాలు ఎంతో గుండ్రంగా ఉన్నాయి. నేను ఆ పుస్తకాన్ని చింపి ఆయన ముఖాన కొట్టలేదు. గుడి ముందు కూర్చుని ఏడవలేదు. సరేనండీ అని వచ్చేశాను. నాకు అప్పుడు ఇరవై ఆరేళ్ళు, చదువుంది, ఉద్యోగముంది, అడిగేవాళ్ళకు జవాబు చెప్పగలిగిన నోరుంది. అన్నీ ఆమె పెట్టినవే.

ఆమెతో మిరపచేలకు పోయినవాళ్ళే ఆమెను మోశారు. ఆదోని రోడ్డు పక్కన వంక ఒడ్డున, కంపచెట్లు కొట్టి గుంట తీశారు. గంట మోగలేదు. ప్రార్థన చేయడానికి ఎవరూ లేకపోతే, ఆమెతో పాటు కల్లం దగ్గర కూర్చున్న ముసలామె ఒకతె, మా అత్త నేర్పిన నాలుగు పాటల్లో ఒకటి ఎత్తుకుంది. మిగతావాళ్ళు అందుకున్నారు. ఆ పాట నాకు అందరికన్నా బాగా వచ్చు. నేను పాడలేదు.

చాలా ఏళ్ళ తర్వాత, ఆదోనికి బదిలీ అయి వచ్చాక, రైల్వే స్టేషనులో ఒక రోజు ఆ పాస్టరుగారు కనిపించారు. బాగా ముసలివారైపోయారు, కూతురి చేయి పట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉన్నారు. నన్ను గుర్తుపట్టి, మీ చేతిరాత ముత్యాల్లా ఉండేదమ్మా అన్నారు. నేను పక్కన కూర్చుని, మట్టల ఆదివారం సంగతి మొదటి నుంచీ చెప్పాను. మా అత్త లేచి నిలబడటం, వంక ఒడ్డు, అంతా చెప్పాను. ఇన్నాళ్ళకు ఈ బరువు మోయడానికి ఇంకొకరు దొరికారని నాలో ఏదో తేలికపడింది కూడా. ఆయన కళ్ళు చిట్లించి ఎంతో ప్రయత్నించారు.

"నాకు గుర్తులేదమ్మా. అప్పట్లో చాలా పట్టుదలగా ఉండేవాణ్ణి. అలాంటిదేమైనా జరిగి ఉంటే దేవుడు క్షమిస్తాడులే."

బండి వచ్చింది. కూతురు ఆయనను ఎక్కించింది. కిటికీలోంచి నాకు చేయి ఊపారు, నేనూ ఊపాను. ఆయన మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను. మరిచిపోయిన మనిషి మీద ఎంతకాలమని కోపం పెట్టుకోగలం?

హెడ్మాస్టరుగారు పోయారు. ఆయనకు సమాధుల తోటలో గేటు పక్కనే మంచి చోటు, మీద పాలరాతి పలక. నవ్వినవాళ్ళు ఎవరో నాకు తెలియదు, వాళ్ళూ పోయే ఉంటారు. కిందటి నెల ఎమ్మిగనూరుకు పెళ్ళికి పోయి, వంక దగ్గరికి నడిచి చూశాను. వంకను పూడ్చేశారు. చదును చేసి, రంగు వేసిన రాళ్ళు పాతి ప్లాట్లు వేశారు. ఒకాయన వచ్చి ప్లాటు చూడటానికి వచ్చారా అని అడిగాడు. కాదని చెప్పి వచ్చేశాను. ఏ రాయి కింద ఉందో కనుక్కోవడం ఎవరి వల్లా కాదు.

ఇప్పటి గుడులలో తీర్పును గురించి ఎవరూ మాట్లాడరు. శ్రమకాలంలో కూడా ఆశీర్వాదాలు, ఉద్యోగాలు, స్వస్థతలే. మూడో శుక్రవారం వస్తుంది, పోతుంది. పిల్లలు భయపడకుండా పెరుగుతున్నారు, మంచిదే. ఇప్పుడు ఎవరినీ బల్ల నుంచి ఆపరు, ఎవరికీ చోటు లేదనరు, ఎవరి పేరూ చదవరు. అవన్నీ పోవాలని నేను కోరుకున్నవే. అవి పోతూ పోతూ ఒక సంగతిని కూడా తమతో తీసుకుపోయాయని ఇప్పుడు తెలుస్తోంది. మా గుడిలో ఎవరితో మాట్లాడబోయినా, అమ్మా ఆయన ప్రేమగలవాడు, అన్నీ ఎప్పుడో క్షమించేశాడు అని నా మాట మొదలుకాకముందే ముగించేస్తారు. అంత తేలికగా క్షమించేస్తే మా అత్తకు జరిగింది ఎక్కడికి పోయినట్టు?

చిన్నప్పుడు తీర్పు ఉంటుందని వణికేదాన్ని. అరవై ఆరేళ్ళు వచ్చాక, అది ఉండదేమోనని వణుకుతున్నాను. ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరు నన్ను ఎదురుగా నిలబెట్టి, ఆ ఆదివారం ఎందుకు చదివావు అని అడగాలి. నా దగ్గర జవాబు లేదు. అయినా అడగాలి.